చేతిలో మోత

బంగారుపాళ్యం నుంచి మొదటి బస్సుకొచ్చింది మొగిలీశ్వరి.
కుడిచెయ్యి పైట కింద పెట్టుకుని
ఎడమచేత్తో చీటీ ఇచ్చింది.
చీటీ మూలన మామిడి జీడి మరక.

"గుజ్జు ఫ్యాక్టరీలో తొక్కు తీస్తాను సార్.
సీజన్లో ఇన్ని కాయలని లెక్కుండదు."
బల్ల మీద చెయ్యి పెట్టమన్నాను.
పెట్టింది,
వేరేవాళ్ళ సామాను దించినట్టు, జాగ్రత్తగా.

మణికట్టు దాకా నీలంగా ఉబ్బిన నరాలు.
ముట్టుకుంటే వేడి.
వేడి కింద వణుకు,
మూతేసిన గిన్నెలో ఎసరు తెర్లుతున్నట్టు.
చిటికెనవేలి కొస మాత్రం చల్లన.
అక్కడొక మానని పుండు, ఆవగింజంత.

పుట్టుకతోనే అంది.
గ్రహణం నాడు అమ్మ కత్తిపీట ముట్టిందన్నారట.
వాపనుకుని పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టిస్తే
మూడోనాటికి కట్టు ఎర్రగా తడిసిందట.
నాలుగో తరగతిలో దొరసామి సారు
ఎక్కం రాలేదని బెత్తం ఎత్తి,
చాపిన చెయ్యి కదలకుండా పట్టుకున్నాడు.
పట్టుకుని, ఒక్క క్షణం ఆగి,
బెత్తం బల్ల మీద పెట్టేశాడు.
"ఆ పొద్దు నుంచి నన్ను కొట్టలేదు సార్.
చదువూ చెప్పలేదు."

జెల్లు చల్లగా ఉంటుందని చెప్పి ప్రోబు ఆనించాను.
తెర మీద ముందు ఉత్త బూడిద.
రంగు మీట నొక్కితే
గంగజాతర నాటి తాతయ్యగుంట వీధి.
"ఎరుపు మంచిది, నీలం చెడ్డదా?"
కాదమ్మా, ఎరుపు మనవైపు వచ్చేది,
నీలం మన నుంచి పోయేది, అంతే.
"అయితే బస్టాండు" అంది.

ఎట్లా చెప్పాలి?
కిటికీ తెర కాస్త జరిపి కొండ చూపించాను.
గుండె నుంచి వచ్చిన నెత్తురు
వేళ్ళ దగ్గర మెట్లదారి పట్టాలి తల్లీ.
వెంట్రుక కన్నా సన్న దారి.
మెట్టు మెట్టుకూ పసుపు పూసుకుంటా పోయేవాళ్ళలాగా
నిదానంగా, తెచ్చింది పంచిపెడుతూ పోవాలి.
నీ చేతిలో ఆ మెట్లు కట్టడం మరిచారు.
ధమని నుంచి నేరుగా సిరలోకి ఘాట్‌రోడ్డు బస్సు.
అందుకే వేలికొస పస్తుంది.
"మరిచిందెవరు?" అంది.
నేను మీటలు సరిచేసుకున్నాను.

కాసేపటికి ఆమే, మెల్లగా:
"ఈ మిషనుకు చెవులుండాయా సార్?
రాత్రి చెంప కింద పెట్టుకుంటే చెయ్యి మోగతాది.
డబ్బాలో తేనెటీగ పడినట్టు.
చెప్తే అమ్మ తిట్టేది. మా ఆయన నవ్వతాడు.
ఒక ఆసుపత్రిలో పిచ్చిడాక్టరు దగ్గరికి పొమ్మన్నారు."

స్పీకరు పెంచాను.

హుష్షు, హుష్షు,
ఎక్కడా తెగని గాలి, దాని మీద గుండె తొక్కే తొక్కుడు.
ఎండిన స్వర్ణముఖిలో రాత్రికి రాత్రి నీళ్ళొచ్చినట్టు
గదంతా నిండింది.
ఊడుస్తున్న గురవమ్మ చీపురాపి
"ఏందది, మోటారా?" అంది.
మొగిలీశ్వరి నవ్వింది,
ముప్పై నాలుగేళ్ళకు సాక్షి దొరికినట్టు.
ఏడ్చిందేమో కూడా. గదిలో చీకటి.

నేను రిపోర్టులో రాయగలిగింది కొంచెం.
వేగం ఇంత, అడ్డు తక్కువ,
ఈ గుత్తిని మేపుతున్న ధమనులు ఇన్ని.
తర్వాత ఎమ్మారై. ఆపైన తొడ దగ్గర సూది,
రంగుమందు వదిలి, అది పరిగెత్తే దారి బొమ్మ తీసి,
లోపలి నుంచే మూసెయ్యొచ్చు, కొంత.

"మూసేస్తే ఈ మోత పోతాదా?"
తగ్గుతుందన్నాను, శుభవార్త చెప్పినట్టు.
చెయ్యి వెనక్కి తీసుకుంది.
జెల్లు తుడుచుకోకుండానే చెవికి ఆనించుకుంది.
చెంపంతా తడి.
"పుండు మానాల సార్,
కాయ పులుపు తగిలితే ప్రాణం పోతాది.
ఊరికే అడిగినా."

తర్వాత ఫోను తీసి, ఇంకోసారి పెట్టమంది.
బయట నలుగురు కూర్చుని ఉన్నారు. పెట్టాను.
ఇరవై రెండు సెకన్లు.
అందులో ఏసీ గురక పడింది, నా దగ్గు పడింది,
"నాకూ ఇనిపీమ్మా" అన్న గురవమ్మ గొంతు పడింది.
పేరేం పెట్టాలని ఫోను అడుగుతోంది.
ఎడమచేతి బొటనవేలితో 'చె' కొట్టింది,
'య' కొట్టింది,
ఒత్తు యాడుండాదని
ఫోను నా వైపు తిప్పింది.